సీబీపీలో పెద్దపేగు వాపు

అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొర వాచి పుళ్లు పడే జబ్బు) తిరగబెట్టినప్పుడు నా సీబీపీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చూడ్డానికి మరీ భయపెట్టేలా ఏమీ లేదు. తెల్లకణాలు 11,000, ప్లేట్‌లెట్లు 4.62 లక్షలు. సంగతి భాగాహారం చేస్తేనే తెలిసింది. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ అనే రకం 77 శాతం, లింఫోసైట్స్ అనే రకం 14 శాతం. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 5.5. మోషన్‌లో రక్తం, జిగురు ఆగి పేగు కుదుటపడ్డాక అదే నిష్పత్తి 1.6కి దిగింది.

రెండో నిష్పత్తి ప్లేట్‌లెట్లను లింఫోసైట్లతో భాగిస్తే వచ్చేది. దానికి శాతాలు పనికిరావు. లింఫోసైట్ల సంఖ్య తీయాలి: 11,000లో 14 శాతం, అంటే 1,540. 4,62,000ని దానితో భాగిస్తే 300. కుదుటపడ్డాక ఇది 100. హైదరాబాద్ ల్యాబులు ప్లేట్‌లెట్లను లక్షల్లో రాస్తాయి కాబట్టి సున్నాలు జాగ్రత్త.

పేగు గోడ వాచినప్పుడు ఎముక మజ్జ న్యూట్రోఫిల్స్‌ను, ప్లేట్‌లెట్లను ఎక్కువగా వదులుతుంది. రక్తంలో లింఫోసైట్లు తగ్గుతాయి. రక్తం పోయి ఐరన్ తగ్గినా ప్లేట్‌లెట్లు పెరుగుతాయి. అందుకే ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ చూడకుండా రెండో నిష్పత్తిని నమ్మను.

అందరినీ తప్పుదారి పట్టించేది వాపు తగ్గించడానికి ఇచ్చే స్టెరాయిడ్. రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్న న్యూట్రోఫిల్స్‌ను అది ప్రవాహంలోకి వదిలిస్తుంది, లింఫోసైట్లను తగ్గిస్తుంది, ఇదంతా గంటల్లోనే. ప్రెడ్నిసొలోన్ 40 మిల్లీగ్రాముల మీద ఉన్నప్పుడు నాకు న్యూట్రోఫిల్స్ 86, లింఫోసైట్స్ 10 వచ్చాయి, అంటే 8.6. అప్పటికి రక్తం పడటం ఆగిపోయింది! ఆ కాగితం చూసి మందు పెంచడమో, విసుగొచ్చి ఒక్కసారిగా మానేయడమో, రెండూ ప్రమాదమే. డోసు మెల్లగా తగ్గించాల్సిన మందు అది. వీలైతే మొదటి మాత్రకు ముందే సీబీపీకి రక్తం ఇవ్వాలి. రిపోర్టు మూల ఆ రోజు వాడుతున్న మందు, మోతాదు రాసిపెట్టుకుంటే తర్వాత అయోమయం ఉండదు.

రోగనిరోధక శక్తిని అణచే మందు అజాథయోప్రిన్‌ది ఇంకో చిక్కు. లింఫోసైట్లు తగ్గి నిష్పత్తి పెరిగినట్టు కనిపించవచ్చు, కానీ అక్కడ చూడాల్సింది వాపును కాదు, మొత్తం తెల్లకణాలు పడిపోతున్నాయేమోనని. వానాకాలంలో డెంగీ తగిలితే ప్లేట్‌లెట్లు పడిపోయి లెక్క అబద్ధం చెబుతుంది. ఊదారంగు మూత ట్యూబులో కొందరి ప్లేట్‌లెట్లు గుంపులు కట్టి, ఉన్నదానికంటే తక్కువ చూపిస్తాయి. అనుమానముంటే స్లైడు చూడమనాలి, లేదా నీలం మూత ట్యూబులో మళ్లీ తీయించాలి.

ఇంత దాటితే జబ్బు అనే ఒకే గీత లేదు. ఎవరి పాత రిపోర్టులే వాళ్లకు కొలబద్ద. వాపు మలాశయం వరకే ఉంటే నిష్పత్తి, సీఆర్‌పీ (వాపును చూపే రక్తపరీక్ష) రెండూ మామూలుగానే ఉండి, రక్తం మాత్రం పడుతూండవచ్చు. లక్షణాలున్నప్పుడు నిష్పత్తి బాగుందని ఊరుకోవడం తెలివితక్కువ. విరేచనాలు మళ్లీ మొదలైతే ముందు ఇన్‌ఫెక్షన్ ఉందేమో స్టూల్ టెస్టుతో తేల్చాలి, సీ.డిఫిసిల్ అనే బ్యాక్టీరియాతో సహా. వాపు సంగతి చెప్పడంలో సీబీపీకంటే మలంలో చూసే కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్ మెరుగు: గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపుంటే నిశ్చింత, 250 దాటితే వాపు రగులుతున్నట్టే అనుకోవాలి. అయితే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు దాన్నీ పెంచుతాయి. శాంపిల్ ఇచ్చే ముందు అవి వేసుకుని ఉంటే డాక్టరుకు చెప్పి, ఎప్పుడు ఇవ్వాలో అడగాలి.