జె నుంచి ఎల్ దాకా: ఒక రిలీఫ్ వాల్వు లెక్క

పైడిభీమవరంలో మందుల ముడిసరుకు తయారు చేసే ఒక ఫ్యాక్టరీలో ప్రాసెస్ ఇంజినీరుని. రోజూ శ్రీకాకుళం నుంచి కంపెనీ బస్సులో వెళ్లి వస్తాను. వేసవిలో ఒక రియాక్టర్‌లో వాడే సాల్వెంట్ (ద్రావకం) మార్చారు. దాని మీదున్న రిలీఫ్ వాల్వు, అంటే లోపల పీడనం మితిమీరితే తెరుచుకుని బయటికి వదిలేసే వాల్వు, ఇంకా సరిపోతుందో లేదో చూసి చెప్పమన్నారు. వాల్వు జె సైజు, అంటే రంధ్రం 1.287 చదరపు అంగుళాలు. ఒక పూట పని అనుకున్నాను. మూడు వారాలు పట్టింది.

మొదట ఆవిరి ఒక్కటే బయటికి వస్తుందని లెక్క వేశాను. రియాక్టర్‌ని వేడి చెయ్యడానికి చుట్టూ ఉన్న జాకెట్‌కి స్టీమ్ ఇచ్చే కంట్రోల్ వాల్వు తెరుచుకుని ఉండిపోతే ఎంత వేడి ఎక్కుతుంది, దానికి ఎంత ఆవిరి పుడుతుంది, అంతే. జె చాలింది. కాగితం తీసుకెళ్లి మా సీనియర్ గారి ముందు పెడితే ఆయన అంకెలు చూడనే లేదు. "కుక్కర్‌లో పప్పు నిండా పోసి పొయ్యి మీద పెడితే విజిల్లోంచి ఏటొస్తాది?" అన్నారు.

ఏమొస్తుందో మా ఇంటి గోడ మీది పసుపు మరకలే చెబుతాయి. కొత్త సాల్వెంట్ మిశ్రమం నురగ కట్టే రకం, రియాక్టర్ ముప్పాతిక పైనే నిండుతుంది. వాల్వు లేచిందంటే ద్రవమూ ఆవిరీ కలిసే వస్తాయి.

ఇక్కడే తలనొప్పి మొదలు. వాల్వు గొంతులోకి పోయేకొద్దీ పీడనం పడిపోతుంది. పడేకొద్దీ, మరిగే స్థితిలో ఉన్న ద్రవంలో మరికొంత ఆవిరైపోతుంది. అంటే సాంద్రత దారిలోనే మారిపోతోంది. రిలీఫ్ వాల్వుల సైజు లెక్కలకి వాడే అమెరికన్ ప్రమాణం ఎపిఐ 520లో దీనికి ఒమేగా పద్ధతి ఉంది. వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పటి పీడనం దగ్గర ఒకసారి, అందులో 90 శాతం దగ్గర ఎంట్రోపీ (పట్టికల్లో దొరికే ఒక ఉష్ణ లక్షణం) మారకుండా ఇంకోసారి ఫ్లాష్ లెక్క, అంటే ద్రవంలో ఎంత ఆవిరవుతుందన్న లెక్క, చెయ్యాలి. రెండో చోటి ఘనపరిమాణాన్ని మొదటి దానితో భాగించి, ఒకటి తీసేసి, 9తో గుణిస్తే ఒమేగా. అది ఎంత పెద్దదైతే రంధ్రం అంత పెద్దది కావాలి.

సిమ్యులేటర్ ఇచ్చిన అంకెలు నా ఎక్సెల్ షీట్‌లో వేస్తే 1.76 చదరపు అంగుళాలు కావాలని వచ్చింది. జె చాలదు, తర్వాతి సైజు కె 1.838 కాబట్టి కె పెట్టొచ్చు. హమ్మయ్య అనుకున్నాను కానీ, అంత అంచున ఉండేసరికి మనసు ఒప్పలేదు.

ఆ రాత్రి కాలేజీ నాటి స్టీమ్ టేబుల్స్ దులిపి, నీటితో చేతి లెక్క వేశాను. 10 బార్ దగ్గర మరుగుతున్న నీరు: ఎంట్రోపీ 2.138, కిలో నీటి ఘనపరిమాణం 0.001127 ఘనపు మీటర్లు. దాన్ని 9 బార్‌కి దించితే నీటి ఎంట్రోపీ 2.094, ఆవిరిది 6.62. లెక్క తేలితే ఆవిరైంది బరువులో 0.97 శాతం. నూటికి ఒక పాలు కూడా లేదు. కానీ ఘనపరిమాణం 0.0032 అయింది, దాదాపు మూడింతలు! రెండు మూడుసార్లు కొట్టి చూశాను. ఒమేగా పదహారున్నర. పప్పు గోడ దాకా ఎందుకు చిమ్ముతుందో నాకు అప్పుడు అర్థమైంది, ఉద్యోగంలో చేరిన ఆరేళ్లకి.

మర్నాడు అదే నీటి లెక్క నా షీట్‌లో వేస్తే పద్నాలుగున్నర వచ్చింది. తప్పు దొరకడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. 90 శాతాన్ని గేజ్ పీడనం (వాతావరణ పీడనం కలపనిది) మీద తీశాను. అది అబ్సల్యూట్ (కలిపినది) మీద తియ్యాలి. వాతావరణ పీడనం 1.013 బార్ కలిపి గుణించాల్సింది, గుణించి కలిపాను. సిగ్గుపడాల్సిన తప్పే. పీడనం ఎంత తక్కువైతే దీని దెబ్బ అంత ఎక్కువ. మా వాల్వు 6 బార్ గేజ్ దగ్గర లేస్తుంది కాబట్టి ఒమేగా దాదాపు ఏడో వంతు తక్కువ పడింది. సరిచేసి మా సాల్వెంట్‌కి మళ్లీ వేస్తే కావాల్సిన రంధ్రం 1.87 చదరపు అంగుళాలు. కె దాటిపోయింది. తర్వాతిది ఎల్, 2.853. మధ్యలో ఏమీ లేదు.

పెద్ద వాల్వు పెడితే పెద్ద ప్రవాహం. దానికి తగ్గట్టు ఇన్‌లెట్ పైపులో పీడన నష్టం సెట్ పీడనంలో (వాల్వు లేచే పీడనంలో) 3 శాతం దాటకూడదు. మా మూడంగుళాల పైపులో ఉన్న ఒక్క బెండ్ వల్ల దాటింది. బెండ్ తీసేసి పైపు నిటారుగా వెయ్యాలి, దానికోసం పైన ప్లాట్‌ఫారం ఒక పక్క కొయ్యాలి. "ఒక్క అచ్చరం మారితే ఇంత పనేటి బాబూ" అన్నాడు ఫిట్టర్. రెండక్షరాలని చెప్పలేదు.

వాల్వు ఆర్డర్ ఇచ్చారు, ఇంకా రాలేదు. అది వచ్చేదాకా ఆ రియాక్టర్‌ని సగానికి మించి నింపొద్దని రాసి ప్యానెల్ పక్కన అంటించాం.