అచ్చంపేటలో ఆగిన శ్రీశైలం ప్రయాణం

హైదరాబాద్ నుంచి రోడ్డున శ్రీశైలం వెళ్లేవాళ్లు గడియారం చూసుకుంటూ వెళ్లాలి. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, మళ్లీ పొద్దున ఆరుకే తీస్తారు. అమ్రాబాద్ పులుల అడవి మధ్య నుంచి పోయే దారి కాబట్టి అక్కడ బతిమాలినా లాభం ఉండదు. మేం ఇంటి నుంచి కదిలేసరికే మధ్యాహ్నం దాటింది. అత్తయ్య, మామయ్య, మా ఆవిడ, పిల్లలు, సంచులతో ఏడు సీట్ల పాత డీజిల్ బండి నిండిపోయింది.

కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి ఇట్టే దాటాం. డిండి దగ్గర టీకి ఆగాం. పిల్లలు చేపల వేపుడు అడిగితే అత్తయ్య "దర్శనానికి పోతూ చేపలేంట్రా" అని ఒక్క మాటతో తేల్చేసింది. టీ తాగి బండి వెనక్కి తీస్తుంటే బానెట్ కింద నుంచి కుయ్యిమని సన్నగా మూలిగింది. స్టీరింగ్ తిప్పితేనే ఆ మూలుగు, వదిలేస్తే లేదు. దిగి చూస్తే మేం ఆగిన చోట నేల మీద ఎర్రటి చుక్కలు.

ఆ ఎరుపే సగం సంగతి చెప్పింది. ఇంజిన్ ఆయిల్ అయితే నల్లగా ఉంటుంది. ఏసీ నీళ్లకు రంగూ జిడ్డూ ఉండవు. ఇది వేళ్ల మధ్య నూనెలా జారింది. ఈమధ్య వచ్చే చాలా కార్లలో స్టీరింగ్‌కి సాయం చేసేది కరెంటు మోటారు, అందులో ఆయిలే ఉండదు. మాది పాత పద్ధతి. బెల్టుతో తిరిగే పంపు ఆయిల్‌ని ఒత్తిడితో ర్యాక్‌లోకి, అంటే ముందు చక్రాల్ని అటూ ఇటూ తిప్పే భాగంలోకి తోస్తుంది, అది రిటర్న్ పైపులోంచి మళ్లీ ఆయిల్ డబ్బాలోకి వస్తుంది. డబ్బా మూత తీస్తే ఆయిల్ కింది గీతకూ దిగువన ఉంది, పైన తెల్లటి నురగ. అంటే పంపు గాలి మింగుతోంది, ఆ మూలుగు దానిదే.

పక్కన పంక్చర్ షాపతను వంగి చూసి "ర్యాక్ పోయింది సార్, మొత్తం మార్చాల్సిందే. అందాక ఉన్న బ్రేక్ ఆయిల్ పోసుకుని పోండి" అన్నాడు. ర్యాక్ సంగతేమో గానీ, ఆ రెండో సలహాకి మాత్రం దండం పెట్టాను. బ్రేక్ ఆయిల్ పడితే స్టీరింగ్ సీళ్ల రబ్బరు ఉబ్బి పాడవుతుంది. అప్పుడు నిజంగానే ర్యాక్ మార్చాల్సి వస్తుంది. హాజీపూర్ దగ్గర శ్రీశైలం రోడ్డు వదిలి అచ్చంపేటలోకి తిప్పాను. సాఫీ రోడ్డు మీద ఏమీ తెలియలేదు గానీ ఊళ్లో మలుపుల దగ్గర స్టీరింగ్ రాయిలా బిగుసుకుంది.

అచ్చంపేట మెకానిక్ పెద్దాయన. బండి కింద పడుకుని చూశాక ర్యాక్ మాటే ఎత్తలేదు. "అంతా తడిసింది సార్, ఇట్ల చూస్తే ఏడికెల్లి కారుతుందో ఎట్ల తెలుస్తది? ముందు తుడవాలె" అన్నాడు. ఇంజిన్ చల్లారేదాకా ఆగి, డీజిల్లో ముంచిన బ్రష్‌తో పైపులు, పంపు, ర్యాక్ అన్నీ కడిగి బనీన్ వేస్టుతో పొడిగా తుడిచాడు. డబ్బాలో గీత దాకా ఆయిల్ పోసి నన్ను సీట్లో కూర్చోబెట్టాడు. ఇంజిన్ ఆన్ చేసి స్టీరింగ్ ఆ కొస నుంచి ఈ కొసకి తిప్పమన్నాడు. "కొసకాడ పట్టుకొని ఉండకుర్రి, జర ఒదిలిపెట్టుర్రి" అని కింద నుంచి అరుస్తూనే ఉన్నాడు. చివరి దాకా తిప్పి అక్కడే బిగించి ఉంచితే ఒత్తిడి తారస్థాయికి పోతుంది, పంపు వేడెక్కుతుంది.

కాసేపటికి టార్చి పట్టుకుని నన్ను పిలిచాడు. రిటర్న్ పైపు గొట్టానికి తొడిగిన చోట, క్లిప్పు పక్కన, ఎర్రటి చెమ్మ నెమ్మదిగా ఊరి చుక్క కడుతోంది. ఆ చుక్క ఫ్రేమ్ మీదుగా పాకి, గాలికి వెనక్కి కొట్టుకుపోయి, ర్యాక్ చివర ఉండే రబ్బరు తొడుగు, అదే బూటు, దాని మీద పడుతోంది. పంక్చర్ షాపతను చూసింది ఆ తడినే. నా అనుమానం తీరడానికి పెద్దాయన బూటు క్లిప్పు వదులు చేసి లోపల వేలు పెట్టి చూపించాడు. గ్రీజు తప్ప ఆయిల్ లేదు. ర్యాక్ సీలు పోయి ఉంటే ఆ బూటు నిండా ఆయిలే ఉండేదట.

"పెద్ద పైపు అయితే నేను ముట్టను సార్" అన్నాడు. పంపు నుంచి ర్యాక్‌కి పోయే ప్రెషర్ పైపు గురించి ఆ మాట. అందులో ఒత్తిడి ఎంత ఉంటుందంటే, క్లిప్పు బిగించి, టేపు చుట్టి నెట్టుకొద్దామంటే ఘాట్‌లో చీలిపోతుంది. ఆ ఆయిల్ వేడి సైలెన్సర్ మీద పడితే మంట అంటుకునే ప్రమాదం కూడా. రిటర్న్ పైపులో అంత ఒత్తిడి ఉండదు కాబట్టి బతికిపోయాం. చివర గట్టిపడి పగుళ్లిచ్చిన రబ్బరు ముక్క కోసేసి, మిగతాది లోపలికి తొడిగి, స్క్రూతో బిగించే కొత్త క్లిప్పు వేశాడు. ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజిన్ ఆపి ఉంచి స్టీరింగ్ అటూ ఇటూ తిప్పిస్తూ డబ్బాలో ఆయిల్ దిగినప్పుడల్లా పోశాడు. బుడగలు ఆగాక ఇంజిన్ ఆన్ చేయించాడు. మూలుగు పోయింది. కూలీ, క్లిప్పు, ఆయిల్ కలిపి వెయ్యి రూపాయలు దాటలేదు.

చీకటి పడ్డాక, గేటు మూయడానికి ఇంకా టైముండగానే మన్ననూరు దాటాం. ఈగలపెంట నుంచి కృష్ణ దగ్గరికి దిగే మలుపుల్లో, నది దాటి సున్నిపెంట వైపు ఎక్కేటప్పుడు స్టీరింగ్ ఒంటి చేత్తో తిరిగింది. మామయ్యకి మాత్రం టెన్షన్ తగ్గలేదు, ప్రతి మలుపులో చెవి బానెట్ వైపే పెట్టాడు.

పొద్దున సత్రం ముందు బండి కింద పరిచిన పేపరు పొడిగానే ఉంది. మల్లన్న దర్శనం ప్రశాంతంగా అయింది. హైదరాబాద్ వచ్చాక రిటర్న్ పైపు మొత్తం మార్పించాను. ఒక చివర పగిలిన రబ్బరు రెండో చివర మాత్రం ఎన్నాళ్లుంటుంది? ప్రెషర్ పైపు జాయింటు కూడా విప్పకుండా చూడమన్నాను. పొడిగానే ఉందన్నారు, దాన్ని కదపలేదు.