ఐడిలింగ్ బాగుంది, లోడ్ మీద లాగడం లేదు: పాత 15 హెచ్‌పీ ఔట్‌బోర్డ్ పని ఎంతవరకు వచ్చిందంటే

మా మావయ్య వాడిన ఔట్‌బోర్డ్, అంటే పడవ వెనక బిగించే ఇంజిన్ ఇది. రెండు సిలిండర్ల టూ స్ట్రోక్. పెట్రోలులో ఆయిల్ 50:1 పాళ్ళలో, అంటే లీటరుకు 20 మి.లీ. కలిపి పోయాలి. తాడు లాగితే చక్కగా స్టార్ట్ అవుతుంది, ఐడిలింగ్‌లో చప్పుడు కూడా నిలకడగానే ఉంది. చెన్నై దగ్గరి ఎన్నూరు క్రీక్‌లో పడవకు బిగించి పూర్తిగా రేస్ ఇస్తే మాత్రం కాసేపు లాగి, తర్వాత గొంతు తగ్గిపోతుంది. ఇద్దరం కూర్చుంటే పడవ నీటి పైకి లేవదు, ముక్కు ఎత్తుకుని నీళ్ళు తోసుకుంటూ పోతుంది.

‘లాగడం లేదు’ అనే మాటతో పని జరగదు కాబట్టి ముందు అంకె కావాలనుకున్నాను. ప్లగ్ వైరుకు చుట్టే చిన్న డిజిటల్ ఆర్‌పీఎం మీటర్ (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చూపేది) కొన్నాను. ఈ ఇంజిన్‌లో చుట్టుకు ఒక స్పార్క్ పడుతుంది. మీటర్‌ను రెండు చుట్లకు ఒక స్పార్క్ అనే సెట్టింగ్‌లో ఉంచితే రీడింగ్ రెట్టింపు చూపిస్తుంది, అది మార్చుకోవాలి. మాన్యువల్ ప్రకారం ఫుల్ థ్రాటిల్‌లో 4500 నుంచి 5500 మధ్య తిరగాలి. మాకు వచ్చింది 3200.

ఆ ఒక్క అంకెతోనే ప్రొపెల్లర్ బుష్ మీద అనుమానం పోయింది. లోపలి రబ్బరు బుష్ జారుతుంటే ఇంజిన్ వేగం పెరుగుతుంది కానీ పడవ కదలదు. ఇక్కడ ఇంజినే ఎక్కడం లేదు. అయినా హబ్ లోపలి భాగం నుంచి బయటి భాగం దాకా పెయింట్ గీత ఒకటి గీశాను. పరుగు తర్వాత చూస్తే గీత చెదరలేదు.

ఇంటి దగ్గర నీళ్ళ డ్రమ్ములో నడిపి చూస్తే సరిపోతుందని చాలామంది అంటారు. స్టార్టింగ్‌కు, చల్లార్చే నీళ్ళు వస్తున్నాయో లేదో చూడడానికి డ్రమ్ము చాలు. పవర్ సంగతి అక్కడ తేలదు. పడవకు కట్టి బరువు లాగిస్తేనే ఈ జబ్బు బయటపడుతుంది.

కంప్రెషన్, అంటే సిలిండర్ లోపలి ఒత్తిడి, ఇంటి దగ్గరే చూశాను. ఇంజిన్ వెచ్చబడ్డాక రెండు ప్లగ్‌లూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, గేజ్ ముల్లు ఆగేదాకా తాడు లాగాలి. ప్లగ్ వైర్లను ఇంజిన్ బాడీకి ఎర్త్ చేయకుండా లాగితే ఇగ్నిషన్ కాయిల్ దెబ్బతినే ప్రమాదం ఉంది. పై సిలిండర్ 112, కింది సిలిండర్ 108 పీఎస్ఐ. తేడా పది శాతం లోపే కాబట్టి రింగులు, పిస్టన్ల గురించి టెన్షన్ అక్కర్లేదు. స్పార్క్ టెస్టర్‌లో 9 మి.మీ. గ్యాప్ పెడితే రెండు సిలిండర్లకూ నీలం స్పార్క్ గట్టిగా దూకింది.

చెన్నై చేపల రేవు కాశిమేడులో బోటు ఇంజిన్లు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. చీరాల వైపు నుంచి వచ్చిన కుటుంబం, తెలుగులోనే మాట్లాడతారు. ఇదంతా చెబితే ఆయన అన్నది ఒక్కటే: “కార్బ్యురేటర్ ఇప్పుడే విప్పకు తమ్ముడూ. లోడ్ మీద లాగనప్పుడు పెట్రోలు పైపు బల్బు నొక్కి చూడు.”

పోటు మీద నీళ్ళు ఎక్కువున్నప్పుడు మళ్ళీ క్రీక్‌కు వెళ్ళాం. థర్మల్ ప్లాంట్ల బూడిద చేరి అక్కడ చాలాచోట్ల లోతు తగ్గిపోయింది, పాటులో ఫుల్ స్పీడ్ పరీక్ష కుదరదు. బావమరిది హ్యాండిల్ పట్టుకున్నాడు. ఇద్దరికీ లైఫ్ జాకెట్లు, ఇంజిన్ ఆపే తాడు అతని మణికట్టుకు. ఇంజిన్ తగ్గుతున్న క్షణంలో నేను పెట్రోలు పైపు మధ్యనున్న, చేత్తో పెట్రోలు తోసే రబ్బరు బల్బు నొక్కడం మొదలుపెట్టాను. 3200 నుంచి దాదాపు 4000 దాకా ఎక్కింది. నొక్కడం ఆపగానే మళ్ళీ పడిపోయింది. అంటే ఇంజిన్‌కు సత్తువ ఉంది, తిండి అందడం లేదు.

ఇక్కడ బల్బు చేతికి చెప్పే సంగతి జాగ్రత్తగా వినాలి. ట్యాంకు వైపు అడ్డు ఉంటే, లేదా ట్యాంకు మూత మీది గాలి మర తెరవకపోతే, బల్బు నొక్కుకుపోయి చదునవుతుంది. మాది చదును కాలేదు. ఎంత నొక్కినా గట్టిపడకుండా మెత్తగానే ఉంది. చిల్లుపడ్డ స్ట్రాతో కొబ్బరినీళ్ళు పీల్చినట్టు, ఎక్కడో గాలి లాగుతోందన్నమాట.

బల్బుకూ ఇంజిన్ మీది పెట్రోలు పంపుకూ మధ్య పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ట్యూబు ముక్క పెట్టాం. పెట్రోలుకు అది త్వరగా బిరుసెక్కుతుంది, పరీక్ష అయ్యాక తీసేయాలి. ఇంజిన్ నడుస్తుంటే అందులో బుడగలు వరుసగా కనిపించాయి. ట్యాంకు దగ్గరి కనెక్టర్ తీసేసి, పైపు కొసను నేరుగా పెట్రోలు డబ్బాలో ముంచితే బుడగలు దాదాపు ఆగిపోయాయి. కనెక్టర్ లోపలి ఓ-రింగ్ (గాలి చొరబడకుండా ఆపే రబ్బరు రింగు) గట్టిపడి చీలి ఉంది. జార్జిటౌన్‌లో సీళ్ళు అమ్మే కొట్టులో అదే సైజులో, పెట్రోలుకు తట్టుకునే వైటాన్ రబ్బరు ఓ-రింగ్ దొరికింది.

పైపు కూడా మార్చడం మంచిదని పుదుపేటలో ఇథనాల్‌కు తట్టుకునే రకం కొన్నాను. పాతదాన్ని నిలువునా కోసి చూస్తే లోపలి పొర ఊడి, నాలుకలా వేలాడుతోంది. వేగం పెరిగినప్పుడు ఆ నాలుకే దారికి అడ్డం పడుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరును ఇథనాల్ ఉబ్బిస్తుంది, తేమనూ పీల్చుకుంటుంది. నీళ్ళు ఎక్కువైతే ఇథనాల్, నీళ్ళు కలిసి ట్యాంకు అడుగుకు దిగుతాయి. మనం కలిపిన టూ స్ట్రోక్ ఆయిల్ చాలావరకు పైనున్న పెట్రోలులోనే ఉండిపోతుంది. పైపు లాగేది అడుగు నుంచే కాబట్టి ఇంజిన్‌కు ఆయిల్ అందదు, పిస్టన్ పట్టేస్తుంది. పవర్ తగ్గడం కన్నా నాకు దీని గురించే ఎక్కువ భయం. అందుకే ట్యాంకు అడుగు పెట్రోలును గాజు సీసాలో పోసి రాత్రంతా కదపకుండా ఉంచి చూశాను. వేరే పొర ఏర్పడలేదు. ఇకపై పని అయ్యాక మిగిలింది ఖాళీ చేసి, కార్బ్యురేటర్ బౌల్ కూడా వంపేస్తాం.

పెట్రోలు పంపు డయాఫ్రం (లోపలి పల్చటి పొర) విప్పి వెలుతురులో చూశాను, చిల్లు లేదు. కానీ పాతబడి గట్టిపడింది, కిట్ వేశాను.

ఇవన్నీ అయ్యాక 4400 వచ్చింది. బల్బు నొక్కితే ఇక మార్పు లేదు, అంటే పెట్రోలు సరిగా అందుతోంది. మిగిలిన తగ్గుదల కోసం ఇంజిన్ ఆపి, పై మూత తీసి, బావమరిదిని హ్యాండిల్ చివరిదాకా తిప్పమన్నాను. టార్చి వేసి కార్బ్యురేటర్ నోట్లోకి చూస్తే లోపలి పలక పూర్తిగా తెరుచుకోవడం లేదు. కేబుల్ వదులైంది. దాంతోపాటు కదిలే ఇగ్నిషన్ అడ్వాన్స్ (వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ను ముందుకు జరిపే ఏర్పాటు) కూడా తన స్టాపర్‌ను తాకడం లేదు. కేబుల్ బిగించి, లింకేజీని మాన్యువల్ ప్రకారం సరిచేస్తే 4900 దాకా ఎక్కింది. ఇద్దరం కూర్చున్నా పడవ నీటి పైకి లేచింది, బావమరిది కేక వేశాడు.

ఇక మిగిలింది ఇంజిన్‌ను చల్లార్చే నీళ్ళ పంపులోని రెక్కల చక్రం, ఇంపెల్లర్. క్రీక్‌లోని బూడిద, ఇసుక దాని రెక్కలను అరగదీస్తాయి. సూచిక రంధ్రం నుంచి వచ్చే నీటి ధార ఇప్పుడే సన్నగా ఉంది. కిట్ ఆర్డర్ పెట్టాను, అది వచ్చేదాకా ఫుల్ థ్రాటిల్ పరుగులు ఆపేశాం.