చెక్కు తిరిగొచ్చిందా? ముందు తేదీ చూడండి

చెక్కు చెల్లకుండా తిరిగి రాగానే మనవాళ్లు చేసే మొదటి పని ఇచ్చినవాడికి ఫోన్ కొట్టడం. "వచ్చే వారం సర్దుతానండీ" అంటాడు. అలాంటి వారాలు నాలుగైదు గడిచాయంటే కేసే చేజారిపోతుంది.

బ్యాంకు చెక్కుతో పాటు ఒక చిన్న రిటర్న్ మెమో ఇస్తుంది. చెక్కు నంబరు, మొత్తం, 'ఫండ్స్ ఇన్‌సఫిషియెంట్' (ఖాతాలో సరిపడా డబ్బు లేదు) లాంటి కారణం, తేదీ అందులో ఉంటాయి. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో డబ్బు కట్టమని రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. మెమో కంటే ముందే ఫోన్‌కి మెసేజ్ వచ్చి ఉంటే, ఆ రోజు నుంచే లెక్కేసుకోవడం మంచిది. 30 రోజులు దాటిపోయినా, చెక్కు మీది తేదీకి మూడు నెలలు నిండకపోతే మళ్లీ వేసి కొత్త మెమో తెచ్చుకోవచ్చు. అదీ దాటితే 138 సెక్షన్ కేసు, అంటే చెక్కు బౌన్సు మీద పెట్టే క్రిమినల్ కేసు, లేనట్టే, సివిల్ దావాయే మిగులుతుంది.

లెక్క ఇలా నడుస్తుంది. మార్చి 3న మెమో వస్తే ఏప్రిల్ 2లోగా నోటీసు పంపాలి. అది అవతలివాడికి మార్చి 20న అందితే, కట్టడానికి అతనికి ఏప్రిల్ 4 దాకా 15 రోజులు ఉంటాయి. కట్టకపోతే, గడువు దాటిన ఏప్రిల్ 5 నుంచి నెలలోపు, అంటే మే 5లోగా మేజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఆ 15 రోజులు పూర్తికాకుండా తొందరపడి వేసిన ఫిర్యాదు చెల్లదు. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే కోర్టు మన్నించవచ్చు గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

నోటీసు మీరే రాసుకోవచ్చు, చట్టం అడ్డు చెప్పదు. కానీ ఎక్కువ కేసులు దెబ్బతినేది ఇక్కడే. అడగాల్సింది సరిగ్గా చెక్కు మొత్తమే. వడ్డీ, ఖర్చులు కావాలంటే విడిగా చూపించాలి, అన్నీ కలిపి ఒకే అంకె వేస్తే నోటీసు చెల్లకుండా పోవచ్చు. మూడు లక్షల చెక్కుకి అప్పటికే లక్ష ముట్టి ఉంటే, ఆ సంగతి చెక్కు మీద రాయకుండా మూడు లక్షలకీ వేశారా, కేసు నిలవదు. 'తలుపు తాళం', 'తీసుకోలేదు' అన్న పోస్ట్‌మ్యాన్ రాతతో కవరు తిరిగొస్తే విప్పకండి. అడ్రసు సరైనదైతే నోటీసు అందినట్టే లెక్క, ఆ మూసి ఉన్న కవరే మీ సాక్ష్యం.

పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగి రోజులు పోగొట్టుకోకండి. ఈ నేరానికి చెక్కు పుచ్చుకున్నవారే నేరుగా కోర్టుకు వెళ్లాలి. చెక్కు విజయవాడలో రాసిచ్చినా, మీ ఖాతా ఖమ్మం బ్రాంచిలో ఉంటే కేసు ఖమ్మంలోనే.

లాయర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలంటే, మెమో చేతికొచ్చిన వారంలోపే అంటాను. చెక్కు కంపెనీదో భాగస్వామ్య సంస్థదో అయితే నోటీసు కూడా మీరు రాయకండి. కంపెనీని ముద్దాయిగా చేర్చకుండా డైరెక్టర్ ఒక్కడి మీదే వేసిన కేసు నిలబడదు. వెళ్లేటప్పుడు చెక్కు, మెమో, ప్రాంసరీ నోటు, డబ్బు ఇచ్చినట్టు చూపే బ్యాంకు స్టేట్‌మెంట్ పట్టుకెళ్లండి. ఫీజు నోటీసుకెంత, కేసుకెంత, వాయిదాలకు విడిగా తీసుకుంటారా అన్నది ముందే తేల్చుకోండి.

నోటీసు అందుకున్నవారికైతే లాయరు ఇంకా అవసరం. సంతకం మీదేనని తేలితే అప్పు ఉన్నట్టే కోర్టు అనుకుని మొదలుపెడుతుంది, కాదని చూపించాల్సింది మీరు. ఖాళీ చెక్కు ఇచ్చాను, వాళ్లే నింపుకున్నారు అన్న ఒక్క మాట సరిపోదు. నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు గానీ, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. అందుకే 15 రోజుల్లోపే జవాబు ఇప్పించండి. నిజంగా బాకీ ఉంటే ఆలోగా కట్టేయండి, కేసే ఉండదు.

ఫీజు భరించలేనివాళ్లు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు.