బాబాయ్ రొయ్య పిల్లలు, నా పాల బుడగలు

మొన్న ఊరెళ్ళేసరికి కాట్రేనికోన దగ్గర బాబాయ్ చెరువుకి వనామీ రొయ్యల సీడ్, అంటే రొయ్య పిల్లలు, వచ్చింది. టబ్బులో పోసి, నీళ్ళు కలియబెట్టి, గ్లాసుతో ముంచి, అందులో పిల్లల్ని లెక్కపెట్టి టబ్బు మొత్తానికి హెచ్చవేశారు.

"నువ్వు హైదరాబాద్‌లో చేసేదీ ఇదేనా అమ్మాయ్?" వేళాకోళమే గానీ, నిజంగా అదే.

నా పని పాలలో ఉండే వెసికిల్స్ మీద. కణాలు బయటికి వదిలే, కొవ్వు పొర చుట్టుకున్న బుడగలివి. చిన్నవాటిని ఎక్సోజోమ్‌లంటారు, 30 నుంచి 150 నానోమీటర్లు. 1983లో గొర్రె ఎర్రకణాలు పెరుగుతూ వీటిని వదలడం చూసి, అక్కర్లేని సరుకు పారేసుకుంటున్నాయనుకున్నారు. 2007లో వీటిలో ఆర్ఎన్ఏ కూడా ప్రయాణిస్తోందని తేలాక మా లాంటి వాళ్ళందరికీ పని దొరికింది. కోవిడ్ ఎంఆర్ఎన్ఏ టీకాల్లో ఆ ఆర్ఎన్ఏని కణాల్లోకి మోసుకెళ్ళింది కొవ్వు నానోకణాలు; ఆ మోత పని వీటితో చేయించాలని మా ఆశ.

ముందు మీగడ తీసెయ్యాలి. అమ్మ పాలు కాచి, చల్లార్చి తీస్తుంది, నేను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తీస్తాను. ఆ తర్వాత భూమ్యాకర్షణకి లక్ష రెట్ల బలంతో తిప్పితే ట్యూబు అడుగున చిన్న మడ్డి మిగులుతుంది. ఎదురెదురు ట్యూబుల బరువు సరిపోయిందో లేదోనని నాకిప్పటికీ టెన్షనే.

ఆ మడ్డిలో ఒక్క చుక్క పల్చన చేసి, లేజర్ వెలుగులో మెరిసే చుక్కల్ని లెక్కపెట్టి హెచ్చవేస్తాం. బాబాయ్ గ్లాసే! పోయినేడు నాకు లెక్క బ్రహ్మాండంగా వచ్చింది. రెండు రోజులు నేల మీద నిలవలేదు. మా గైడ్ మాత్రం "వీటిలో కేసిన్ ఎంత?" అన్నారు. కేసిన్ అంటే పాలు విరిగితే ముద్దకట్టే ప్రోటీన్. పాలలోని కేసిన్ ముద్దలదీ దాదాపు అదే సైజు. వాటిని పట్టి ఉంచే కాల్షియాన్ని సోడియం సిట్రేట్‌తో లాగేస్తే కరిగిపోతాయి. కరిగించి మళ్ళీ చూస్తే లెక్క ఢమాల్. నెలల పని, చాలావరకు పాలవిరుగుడు సంబరం.

ఇదంతా బాబాయ్‌కి చెప్పాను. ఆయన గ్లాసు ఎత్తి ఎండకి చూపించారు.

"కదలనివి లెక్కలో వెయ్యకూడదమ్మా, అంతే కదా."

"నా దగ్గర అన్నీ కదుల్తాయి బాబాయ్. నీటి అణువులు తోసేస్తుంటే ప్రాణం లేనిదీ గెంతుతుంది."

"అయితే నీది కష్టమే. ఇంతకీ ఏం పోసి కరిగించావన్నావ్, నిమ్మ ఉప్పా?"

"దాని చుట్టమే."

"మరి ముందే పొయ్యకపోయావా!" అని గ్లాసు టబ్బులో వంపేశారు.