మూడో డిస్కా, నాలుగో డిస్కా?

ఒంగోలు కర్నూలు రోడ్డులోని మా ఆఫీసు సర్వర్‌లో నిన్న రాత్రి ఒక డిస్కు దగ్గర నారింజ రంగు దీపం వెలిగింది. డిస్కు మార్చడం పది నిమిషాల పనే అయినా, దానికి ఏమైందో రెయిడ్ కార్డు (పలు డిస్కులను కలిపి ఒకటిగా నడిపే కార్డు) నోట చెప్పించడానికి నాకు నాలుగు గంటలు పట్టింది.

ఆ కార్డు తయారుచేసిన సంస్థ డిస్కుల స్థితి చెప్పే తన టూల్‌ను ఆర్‌పీఎం ప్యాకేజీగా (రెడ్‌హ్యాట్ తరహా లైనక్స్‌లకు సరిపడే రూపంలో) మాత్రమే ఇస్తుంది. మా సర్వర్‌లో ఉన్నది డెబియన్ అనే మరో రకం లైనక్స్, దానికి డెబ్ ప్యాకేజీలు కావాలి. ప్యాకేజీల రూపం మార్చే ఏలియన్ ప్రోగ్రాంతో డెబ్‌గా మార్చి ఎక్కిస్తే, ఏనాడో పాతబడిన ఎన్‌కర్సెస్ 5 అనే సహాయక లైబ్రరీ కావాలని మొరాయించింది. అదీ సమకూర్చాక టూల్ నడిచి, స్లాట్ 3లో లోపం ఉందని చెప్పింది. పెట్టె మీది స్టిక్కరేమో 1 నుంచి లెక్కిస్తుంది, టూల్ 0 నుంచి లెక్కిస్తుంది; అంటే టూల్ చెప్పే 3, స్టిక్కరు మీద 4. "అన్నా, మూడోది లాగేయమంటారా?" అని మా కుర్రవాడు చేయి పెట్టబోతే గుండె ఆగినంత పనైంది. మేం వాడే రెయిడ్ 5 పద్ధతి ఒక్క డిస్కు పోతేనే తట్టుకుంటుంది; ఒకటి పోయాక ఇంకొకటి తీస్తే వ్యవస్థ మొత్తం కూలిపోతుంది. గుర్తింపు దీపాన్ని మిణుకుమనిపించే కమాండు ఇచ్చి, కళ్లతో చూసుకున్నాకే నాలుగోదాన్ని తీయించాను.

కార్డు లేకుండా లైనక్స్ తానే నడిపే సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లో ఈ తంటా ఇంత ఉండదు. డిస్కుల స్థితి చూపే ఎండీస్టాట్ ఫైలు తెరిస్తే, బాగున్న డిస్కుకు యూ అక్షరం, పోయినదానికి అడుగు గీత కనిపిస్తాయి. ఇంత చిన్న సంగతి చెప్పడానికి వందల మెగాబైట్ల టూల్ ఎందుకో నాకు అర్థం కాదు. కొత్త సర్వర్‌కు రెయిడ్ కార్డు వద్దని ఈ ఉదయమే రాసి పంపాను. పాతదానిలో రీబిల్డ్ (కొత్త డిస్కులోకి డేటా తిరిగి నింపడం) ఇంకా 62 శాతం దగ్గరే ఉంది.