దొంగ గాటు

'టక్' మంది. ఊపిరి బిగబట్టాను. తాళం మాత్రం తెరుచుకోలేదు. మళ్లీ దొంగ గాటే, అసలు గాటులా అనిపించి మోసం చేసే ఉత్తుత్తి గాటు!

లోపల డిస్కులుండే తాళాన్ని చెవి లేకుండా తెరిచే పనిముట్టు, కొత్త డిస్క్ డిటైనర్ పిక్, చేతికొచ్చిన ఉత్సాహంలో పొద్దున్నుంచి నా ప్రాక్టీస్ తాళంతోనే కూర్చున్నాను. మామూలు పిన్ తాళాలకు వాడే పిక్కులు దీని ముందు దండగ. ఇందులో స్ప్రింగులు లేవు, పైకి నెట్టడానికి పిన్నులూ లేవు. ఒక్కో డిస్కును సరిగ్గా కావలసినంతే తిప్పాలి. అన్నిటి గాట్లూ ఒకే వరసలోకి వస్తేనే తాళం తిరగకుండా అడ్డుపడే లోహపు బద్ద, సైడ్‌బార్, అందులోకి దిగుతుంది. 1907లో ఫిన్లాండ్‌లో ఎమిల్ హెన్రిక్‌సన్ చేసిన ఆలోచన ఇది. ఆయన్ని ఇవాళ చాలాసార్లు తలుచుకున్నాను, అన్నిసార్లూ ప్రేమగా కాదు.

పిక్ ఒకదాంట్లో ఒకటి దూరిన రెండు ముక్కలు. నా దాంట్లో బయటి గొట్టం ముందు డిస్కును పట్టుకుని బిగువు ఇస్తుంది. లోపలి కడ్డీ కొస మిగతావాటిని ఒక్కొక్కటే తడుముతుంది.

రెండు గంటలయ్యాక తెలిసింది, ఏడోది అనుకుని ఆరోదాన్నే తిప్పుతున్నానని! కడ్డీ మీద మార్కర్‌తో లోతుల గీతలు పెట్టుకున్నాను. పది నిమిషాల్లో తెరుచుకుంది.

వెంటనే మూసి మళ్లీ మొదలెట్టాను. ఇంకా తెరుచుకోలేదు.